తూము వరకే ఒప్పందం

గోదావరి మీద ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా 175 గేట్లతో నిలిచిన కాటన్ బ్యారేజీ నుంచి బయల్దేరిన నీరు ప్రధాన కాలువల్లోనూ పిల్ల కాలువల్లోనూ నడిచి, చివరికి కాలువ గట్టులో బిగించిన ఒక తూము గుండా రైతు బోదెలోకి దిగుతుంది. ఆ తూము ఎంత లావు ఉండాలో, కాలువ అడుగు నుంచి ఎంత ఎత్తున కూర్చోవాలో నీటిపారుదల శాఖ నిర్ణయిస్తుంది. తూము దాటిన నీటితో సార్వా వరి వేశారా, కొబ్బరితోటకు పెట్టారా, బోదెను ఎటు మళ్లించారు అన్నవి రైతు ఇష్టం. బ్యారేజీ గేట్లను ఏ యంత్రంతో ఎత్తుతున్నారన్నది రైతుకు అనవసరం. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో ఇరవయ్యో శతాబ్దం చివరి పాదంలో కొత్త బ్యారేజీ వచ్చింది. అంత పెద్ద మార్పు జరిగినా, దాదాపు పది లక్షల ఎకరాల ఆయకట్టులో ఎవరూ తమ పొలం గట్లను మళ్లీ వేసుకోవలసిన అవసరం రాలేదు.

సాఫ్ట్‌వేర్ రూపకర్తలు ఇంటర్‌ఫేస్ అనే మాటతో చెప్పేది ఈ తూము గురించే. రెండు వ్యవస్థలు ఎక్కడ కలుస్తాయో ఆ ఒక్క చోట ఏం జరగాలో ముందే తేల్చుకుని, మిగిలినదంతా ఎవరి ఇష్టానికి వారికి వదిలేయడం దాని సారాంశం. ప్రమాణం అంటే పదిమందీ ఒప్పుకున్న తూము కొలత. యంత్రం పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు, ప్రోగ్రాం పాతబడితే తిరగరాసుకోవచ్చు. కానీ ఆ రెండూ కలిసే చోటి అతుకు తప్పుగా పడితే, దానికి అటూ ఇటూ చేరిన ప్రతిదీ ఆ తప్పుకు తగ్గట్టే పెరుగుతుంది, తర్వాత దాన్ని సరిచేయాలంటే అందరినీ ఒకేసారి కదిలించాలి. కంప్యూటర్లలో దశాబ్దాల తరబడి మిగిలిపోయే తలనొప్పులు చాలావరకు ఇలా పుట్టినవే. తెలుగు అక్షరాలు, ఊళ్ల పేర్లు, రొయ్యల చెరువు గట్టు మీది పరికరాలు ఈ సంగతిని కళ్లకు కడతాయి.

ముందుగా, మార్చకుండా ఉంచినందుకు మెచ్చుకోవలసిన ఒక అతుకు గురించి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ చేస్తారు. ప్రవాహాన్ని క్యూసెక్కుల్లో, నిల్వను టీఎంసీల్లో చెబుతారు. దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. చట్టం ప్రకారం చూస్తే ఇదంతా ఎప్పుడో మారిపోవలసింది. అయితే రెండో హెచ్చరిక అన్న మాట వినగానే గొడ్లను గట్టెక్కించాలో, వడ్ల బస్తాలు అటక మీదికి చేర్చాలో లంక గ్రామాల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 13.75 అన్న అంకె అక్కడ ఒక కొలతగా కన్నా ఒక సంకేతంగా పనిచేస్తోంది. నీటిమట్టం కొలిచే సెన్సర్ లోపల మీటర్లలో లెక్క వేసుకున్నా అభ్యంతరం లేదు, వరద అంచనా వేసే ప్రోగ్రాం ఘనపు మీటర్లలో నడిచినా నష్టం లేదు. జనానికి అందే చోట మాత్రం అడుగులే ఉండాలి. ఎన్నో కంప్యూటర్లను లోపలి నుంచి నడిపే లినక్స్ కెర్నల్ అనే ప్రోగ్రాంను చూసుకునేవారు కూడా ఇదే పట్టుదలతో ఉంటారు. లోపలి భాగాలను ఎన్నిసార్లయినా తిరగరాస్తారు గానీ, వాడుకరి ప్రోగ్రాములు ఆధారపడిన ప్రవర్తనను మాత్రం చెడగొట్టరు. పాతది కాబట్టి మార్చాలన్న ఉత్సాహం సాఫ్ట్‌వేర్ రంగంలో చాలా ఖరీదైన ఉత్సాహం.

తెలుగు అక్షరాల కథ దీనికి ఎదురు దిక్కున నడిచింది. భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరం వంటి పట్టణాల్లో డీటీపీ సెంటర్లు వెలసిన కాలంలో కంప్యూటర్‌కు తెలుగు అక్షరం అంటే ఏమిటో తెలియదు. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గడుల్లోనే తెలుగు రూపాలు గీసిన ఫాంట్లు వచ్చాయి. ఒక ఫాంటులో 256 గడులకు మించి ఉండవు. తెలుగులో గుణింతాలూ వత్తులూ కలిపి చూస్తే రూపాలు వేలల్లో ఉంటాయి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టును ఒక గడిలో, గుడిని ఇంకో గడిలో, వత్తును మరో గడిలో పెట్టి, కంపోజ్ చేసేటప్పుడు పక్కపక్కన పేర్చేవారు. తెర మీద, కాగితం మీద చక్కని తెలుగు కనిపించేది. ఫైలులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల, విరామ చిహ్నాల కలగూరగంప ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అదే బయటపడేది. ఫాంటు తయారుచేసిన ఒక్కో సంస్థ అక్షరాన్ని ఒక్కో తీరుగా ముక్కలు చేసింది కనుక, ఒకరి ఫైలు ఇంకొకరి ఫాంటులో చదవడం కూడా కుదరదు.

ఆ రోజుల పద్ధతిని తీసిపారేయడం న్యాయం కాదు. ఆ ఫాంట్ల అందం, వైవిధ్యం అన్ని భాషల అక్షరాలకూ ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌తో తర్వాత వచ్చిన ఫాంట్లకు చాలాకాలం పట్టుబడలేదు. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆనాడు డీటీపీ సెంటరుకూ శుభలేఖ అచ్చువేయించుకునే ఇంటివారికీ మధ్య అతుకు కాగితమే గాని ఫైలు కాదు. కాగితం మీద తెలుగు సరిగా పడితే ఒప్పందం నెరవేరినట్టే. ఆ తర్వాత ఫైలే చేతులు మారడం మొదలైంది. మెయిల్‌లో పంపాలి, ఫోన్‌లో చదవాలి, అందులో ఒక పేరు వెతకాలి. అన్న పెళ్లికి కంపోజ్ చేయించిన శుభలేఖలో ఇంటిపేర్లు, మేనమామల పేర్లు, ‘మా విన్నపం మన్నించి’ దగ్గర నుంచి అన్నీ తప్పుల్లేకుండా ఉంటాయి. తమ్ముడి పెళ్లి నాటికి సెంటరువారు కంప్యూటర్ మార్చేసి ఉంటే, ఆ ఫైలు ఉన్నా లేనట్టే, మళ్లీ మొదటి నుంచి కంపోజ్ చేయవలసిందే. అతుకు కాగితం నుంచి ఫైలుకు జరిగినప్పుడు, దానికి తగిన ఒప్పందం ఏదీ సిద్ధంగా లేకపోవడం అసలు లోపం.

సిద్ధంగా లేదనడం కంటే, ఉన్నా ఎవరూ పట్టించుకోలేదనడం సరైన మాట. భారతీయ లిపులన్నిటికీ కలిపి ఇస్కీ అనే ప్రమాణాన్ని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 పేరిట ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి సంచికలో, ఇస్కీ 1988 నాటి రూపాన్ని ఆధారం చేసుకుని తెలుగుకు 128 స్థానాల గది కేటాయించారు. ఈ రెండింటిలోనూ మూలసూత్రం ఒక్కటే. ఫైలులో అక్షరం బొమ్మ ఉండదు, అక్షరం గుర్తింపు మాత్రమే ఉంటుంది. బొమ్మ గీయడం ఫాంటు పని. ‘శ్రీ’ రాస్తే ఫైలులో శ, పొల్లు, ర, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు వరుసగా నమోదవుతాయి. క్రారవడిని ఎటు తిప్పాలో, ఎంత కిందికి దించాలో ఫాంటు చూసుకుంటుంది. తూముకు అటు ఒకరి పని, ఇటు ఇంకొకరి పని.

ఈ విభజన వల్ల కలిగిన మేలు కీబోర్డుల విషయంలో బాగా తెలుస్తుంది. ప్రభుత్వ ప్రమాణంగా ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరిక ఉంది. డీటీపీలో చేయి తిరిగినవారు యాపిల్, మాడ్యులర్ వంటి పాత లేఔట్లను వదలరు. ఫోన్ పట్టుకున్న కుర్రకారు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగులోకి మార్చుకుంటారు, పెద్దవాళ్లు మైకు బొమ్మ నొక్కి మాట్లాడతారు. ఇన్ని దారుల్లో వచ్చినా ఫైలులో పడేది అవే సంకేతాలు. కీబోర్డు ప్రమాణం జనంలో ఓడిపోయిందని బాధపడేవారున్నారు గానీ, ఆ ఓటమి వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. ఎందుకంటే అసలు అతుకు అక్కడ లేదు.

అయినా అంతా సవ్యంగా కుదిరిందనుకుంటే పొరపాటు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటనే దగ్గరగా చూస్తే చాలు. కంటికి కనబడేవి నాలుగు ముక్కలు. ఫైలులో ఉండేవి పదకొండు సంకేతాలు: స, దీర్ఘం, ఫ, పొల్లు, ట, పొల్లు, కంటికి కనబడని ఒక సంకేతం, వ, ఏత్వం, ర, పొల్లు. ఏడో స్థానంలో ఉన్న ఆ కనబడనిది ‘పక్క అక్షరంతో కలపవద్దు’ అని ఫాంటుకు చెప్పే ఆజ్ఞ. అది లేకపోతే ట కింద వ వత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. అలా కలిపి రాసేవారూ ఉన్నారు, విడదీసి రాసేవారూ ఉన్నారు. చదివేవారికి రెండూ ఒకే మాట. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొదటిది 33 బైట్లు, రెండోది 30 బైట్లు. బైట్లను మాత్రమే పోల్చి చూసే ప్రోగ్రాం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు మాటలు. వెతికితే ఒకటి దొరుకుతుంది, ఇంకొకటి దొరకదు. పోల్చేటప్పుడు ఇలాంటి సంకేతాలను పక్కనబెట్టి చూడాలన్న జాగ్రత్త ప్రోగ్రాం రాసేవారికి ఉండాలి. తెలుగు ఎరగనివారు రాసిన ప్రోగ్రాంలోనే కాదు, తెలుగువారే రాసిన వాటిలోనూ ఈ జాగ్రత్త తరచుగా కనిపించదు.

ఈ కనబడని సంకేతం 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా వార్త అయింది. ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్‌లోని యాప్‌లు కుప్పకూలుతున్నాయని పత్రికలు రాశాయి. ‘జ్ఞా’ అన్న అక్షరమే దోషి అన్నట్టు ప్రచారం జరిగింది. అదే నిజమైతే ‘విజ్ఞానం’ అని రాసిన ప్రతి తెలుగువాడి ఫోనూ అంతకు ముందే పోయి ఉండాలి. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు, పైన చెప్పిన కలపవద్దనే సంకేతం చేరిన వరుస దగ్గరే లోపం బయటపడింది. మామూలుగా టైపు చేసేవారు ఆ చోట దాన్ని పెట్టరు. కానీ పెట్టకూడదని ప్రమాణం ఎక్కడా నిషేధించలేదు. ఫోన్‌లో అక్షరాలను పేర్చే భాగం, తాను ఊహించని వరుస ఎదురైనప్పుడు ఆ ముక్కను ఏదో ఒక రకంగా చూపి ముందుకు పోవలసింది పోయి, మెమరీని పాడుచేసుకుని కూలిపోయింది. ఇదే అచ్చులో ఉన్న కొన్ని బెంగాలీ, దేవనాగరి వరుసలకూ అదే గతి పట్టిందని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సంస్థ దాన్ని సరిదిద్దింది. అప్పట్లో చాలామంది లిపి సంక్లిష్టతను తప్పుపట్టారు. లిపి వెయ్యేళ్లకు పైగా తన పని తాను చేసుకుంటూనే ఉంది, తడబడింది దాన్ని పేర్చిన ప్రోగ్రాం.

యూనికోడ్‌లో తెలుగు గదిని మొదట్లోనే కొంత ఖాళీగా ఉంచడం మాత్రం ముందుచూపు కిందే లెక్క. అందువల్లే ‘చాప’లో పలికే దంత్య చకారానికి, ‘జాబు’లో పలికే దంత్య జకారానికి ప్రత్యేక రూపాలైన ౘ, ౙ 2008లో చోటు సంపాదించుకున్నాయి. పాత లెక్కల పుస్తకాల్లో కనిపించే భిన్నాల గుర్తులు కూడా అప్పుడే చేరాయి. నకారపొల్లు 2021లో వచ్చింది. ఒకసారి ఇచ్చిన స్థానాన్ని ఎన్నటికీ మార్చబోమన్న కట్టుబాటు యూనికోడ్‌కు ఉంది కాబట్టి, ఈ కొత్త అక్షరాల కోసం పాత ఫైళ్లలో ఒక్క సంకేతమూ కదలలేదు.

ప్రమాణం కొలత ఎవరి అవసరాన్ని చూసి తీశారో ఎస్ఎంఎస్ చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక సందేశంలో 160 పడతాయి, తెలుగు సంకేతాలైతే 70. వరద రోజుల్లో పంపదగిన ఒక సందేశాన్ని ఊహించుకుంటే తేడా తెలుస్తుంది: ‘ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయింది. లంక గ్రామాల వారు అప్రమత్తంగా ఉండండి.’ ఖాళీలతో సహా లెక్కపెడితే డెబ్బయ్యో సంకేతం ‘అప్’ దగ్గర అయిపోతుంది. చెప్పవలసిన ముఖ్యమైన మాట నోట్లో ఉండగానే సందేశం నిండిపోయి, రెండో సందేశానికి లెక్క పడుతుంది. భారతీయ భాషలకు ప్రత్యేక పట్టికలు వాడి ఒక సందేశంలో దీనికి రెట్టింపు పైగా సంకేతాలు పట్టించే ఏర్పాటు ప్రమాణంలో తర్వాత చేరింది, అందులో తెలుగు పట్టిక కూడా ఉంది. కానీ పంపే వ్యవస్థా అందుకునే ఫోనూ రెండూ దాన్ని ఎరిగి ఉంటేనే అది పనికొస్తుంది. జనం చేతుల్లో అప్పటికే కోట్ల ఫోన్లు ఉన్నాయి. కాలువ తవ్వి నీళ్లు వదిలిన తర్వాత తూము పెద్దది చేయాలనుకున్నట్టయింది.

ఇక పేర్ల సంగతి. కాకినాడ టౌన్ రైల్వే స్టేషన్ కోడు సీసీటీ, కాకినాడ పోర్టుది సీఓఏ. కాకినాడ అన్న మాటలో ఈ ‘సీ’ ఎక్కడిదని అనిపిస్తే, దొరల కాలంలో ఊరిని కొకనాడా అనేవారని గుర్తు తెచ్చుకోవాలి. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది, స్టేషన్ కోడు ఆర్‌జేవై అలాగే ఉంది. నరసాపురం రైల్వేవారికి నరసాపూర్. పేరు మారినా కోడు మారకపోవడం లోపంలా కనిపిస్తుంది గాని, డేటాబేస్ నిర్మించేవారు నేర్చుకోవలసిన తొలి పాఠం అదే. గుర్తింపు సంఖ్యకు అర్థం ఉండకూడదు. అర్థం ఉంటే, ఆ అర్థం మారిన రోజున సంఖ్యను కూడా మార్చాలనిపిస్తుంది, మారిస్తే పాత టికెట్టు నుంచి కొత్త రికార్డు దాకా అన్నీ తెగిపోతాయి.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు ఈ తేడా బాగా బయటపడింది. అమలాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం మూడూ అంతవరకు తూర్పు గోదావరి, ఆ రోజు నుంచి మూడు జిల్లాల కేంద్రాలు. భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమై, ఏలూరు వేరే జిల్లాగా విడిపోయింది. జిల్లా పేరునే తాళంచెవిగా పెట్టుకుని రాసిన ప్రోగ్రాములలో, చిరునామా అదే అయినా పాత ధ్రువపత్రానికీ కొత్త దరఖాస్తుకూ పొంతన కుదరదు. పిన్‌కోడు వాడినవారికి ఆ బెడద లేదు. మూడు ఊళ్లకూ మొదటి మూడంకెలు 533గానే మిగిలాయి, భీమవరానికీ ఏలూరుకూ 534. తపాలా శాఖ 1972లో ఆ అంకెలను ఉత్తరాలు వేరుచేసుకునే సౌకర్యం కోసం ఇచ్చింది గాని, రెవెన్యూ హద్దులకు కట్టుబడి కాదు. అందుకే హద్దులు మారినా అవి నిలిచాయి.

కొలతలో పేరు మాత్రమే ఉండి పరిమాణం లేకపోతే కలిగే చిక్కు ఇంకా సూటిగా ఉంటుంది. గోదావరి జిల్లాల్లో దిగుబడి గురించి మాట్లాడుకునేటప్పుడు వడ్ల బస్తా అంటే 75 కిలోలు. ‘ఎకరానికి ముప్పై బస్తాలు’ అంటే ఇక్కడ అందరికీ 2,250 కిలోలని అర్థమవుతుంది. గోనె సంచిలో నింపి లారీకి ఎత్తే బస్తా బరువు మాత్రం ఆ 75 కిలోలే అయి ఉండాలన్న నియమం లేదు. ఒక యాప్‌లో ‘బస్తాలు’ అని మాత్రమే రాసి పక్కన ఖాళీ గడి పెడితే, పొలం గట్టు మీద ఒకరు ఒక లెక్కన నింపుతారు, కాటా దగ్గర ఇంకొకరు ఇంకో లెక్కన నింపుతారు. రెండూ కలిపి వచ్చే మొత్తం చూడటానికి ముచ్చటగా ఉంటుంది, దానికి అర్థం ఉండదు. అంకెను కిలోల్లో దాచి, కనిపించే చోట మాత్రం బస్తాల్లో చూపడం ఒక్క రోజు పని.

ఈ తప్పులన్నీ ఒకేచోట చూడాలంటే భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్లాలి. వనామీ చెరువులో రాత్రంతా రొయ్య, నాచు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి ప్రాణవాయువును తినేస్తాయి. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే చెరువుల దగ్గర అందరూ డీవో అనేది, బాగా అడుగంటుతుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాముల కన్నా దిగితే పంటకు గండమే. అందుకే డీవో కొలిచే సెన్సర్లు, వాటిని చూసి, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లను నడిపే కంట్రోలర్లు వచ్చాయి. వీటిలో చాలా సెన్సర్లు మాట్లాడే భాష మోడ్‌బస్. 1979లో మోడికాన్ సంస్థ కార్ఖానాల కోసం తయారుచేసిన ఆ పద్ధతి నేటికీ బతికి ఉందంటే కారణం దాని నిరాడంబరత. వరుస నంబర్లున్న గడులు, ఒక్కో గడిలో 16 బిట్లు, ఫలానా గడిలో ఏముందో చెప్పమని ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు. అంతకు మించి చెప్పుకోదగ్గ హంగులేమీ లేవు.

ఆ ప్రమాణం తేల్చకుండా వదిలేసిన ఒక చిన్న విషయం ఏం చేస్తుందో చూడవచ్చు. డీవో 4.5 అనుకుందాం. దశాంశ సంఖ్యలను 32 బిట్లలో రాసే ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం అది హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 40900000 అవుతుంది. మోడ్‌బస్ గడికి 16 బిట్లే పడతాయి కనుక దాన్ని 4090, 0000 అని రెండు గడుల్లో పెట్టాలి. ఏ సగం ముందు రావాలో మోడ్‌బస్ చెప్పలేదు. సెన్సర్ తయారీదారు ఒక వరుసలో పెట్టి, కంట్రోలర్ తయారీదారు ఇంకో వరుసలో చదివితే, వచ్చేది 00004090. దశాంశంలోకి మారిస్తే అది సున్నాకు ఎంత దగ్గరంటే, తెర మీద 0.00 అనే పడుతుంది. సెన్సర్ బాగుంది, వైరు బాగుంది, కంట్రోలర్ బాగుంది. నీటిలో ప్రాణవాయువు నిక్షేపంగా ఉన్నా కంట్రోలర్ లెక్కలో చెరువు చచ్చిపోయినట్టే, ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి, కరెంటు మీటరూ వాటితో పాటు తిరుగుతుంది. మెకానిక్ వచ్చి సెన్సర్ మార్చినా ఫలితం అదే. వరుస మార్చే ఒక్క సెట్టింగు ఎక్కడుందో తెలిసినవాడికి ఇది రెండు నిమిషాల పని.

పెట్టె మీద రాసిన గుర్తులను చదవడంలోనూ ఇలాంటి ఏమరుపాటే ఉంది. ఐపీ67 అని ఉంటే నీళ్లలో పడినా పరవాలేదని అమ్మేవారు చెబుతారు. ఆ అంకెల్లో ఆరు దుమ్ము చొరబడదని, ఏడు మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు దిగి హాని చేయదని చెబుతాయి. తుప్పు గురించి ఆ ప్రమాణం ఏమీ హామీ ఇవ్వదు, ఉప్పు తుంపరకు ఎంత ఓర్చుకుంటుందో తేల్చే పరీక్ష వేరే ఉంది. అంతర్వేది, నరసాపురం వైపు సముద్రపు గాలికి కిటికీ ఊచలే నాలుగేళ్లలో పొక్కులు లేస్తాయి. ఉప్పునీటి చెరువు గట్టు మీద పెట్టె లోపలికి చుక్క నీరు దిగకపోయినా, బయట ఉన్న కనెక్టర్ పిన్నులు పచ్చబడి, సంకేతం ముందు తడబడి ఆ తర్వాత ఆగిపోతుంది. ప్రమాణం అబద్ధం చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు దాని దగ్గర దొరుకుతుందని కొన్నవారు అనుకున్నారు, అమ్మినవారు అనుకోనిచ్చారు.

సిమ్ పెట్టి ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మోటారు స్టార్టర్లది ఇంకో రకం కథ. పొలాల్లోనూ చెరువుల దగ్గరా ఉన్న పాత స్టార్టర్లు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. 2016లో వచ్చిన జియోకు అసలు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వీటిలో పనిచేయదు. తర్వాతి తరం 3జీని ఎయిర్‌టెల్ మూసేసింది, 2జీని మాత్రం నిలిపి ఉంచింది. తాత బతికుండగానే తండ్రి వెళ్లిపోయినట్టుంది ఈ వరుస. మూడో తరం మీద కన్నా రెండో తరం మీద ఆధారపడిన కీప్యాడ్ ఫోన్లు, మీటర్లు, స్టార్టర్లు ఎక్కువ కావడమే దీనికి కారణం. కానీ ఆ ఆయుష్షు ఎంతకాలమో చెరువు యజమాని చేతిలో లేదు. స్టార్టర్‌లో మోడెం భాగాన్ని విడిగా, ఊడదీసి మార్చుకునేలా పెట్టిన తయారీదారు పెట్టెకు కొన్ని వందలు ఎక్కువ అడగవచ్చు. అన్నీ ఒకే బోర్డు మీద అతికించిన పెట్టె, 2జీ పోయిన రోజున రిలేలతో సహా పాత ఇనుము కిందికి పోతుంది.

వీటన్నిటికన్నా గట్టిగా ప్రశ్నించవలసింది, సెన్సర్ చదివిన అంకె నేరుగా కంపెనీ సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి కంపెనీ యాప్‌లో మాత్రమే కనిపించే పద్ధతిని. అలాంటి పరికరంలో తూము గట్టులో ఉండదు, ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ గదిలో ఉంటుంది. ఏడాది చందా ఆపితే, కంపెనీ మూతపడితే, లేదా తెల్లవారుజామున ఇంటర్నెట్ పోతే, రెండు అడుగుల దూరంలో ఉన్న సెన్సర్‌లో అంకె ఉన్నా చెరువు కాపలాదారు దాన్ని చూడలేడు. సర్వర్ ఉండటం తప్పు కాదు, చరిత్ర దాచడానికి, ఊరి నుంచి చూసుకోవడానికి అది పనికొస్తుంది. గట్టు మీద వైరు తగిలించి అంకె చదువుకునే దారి కూడా తెరిచి ఉంచాలి. రాత్రివేళ కాలువ గట్టు కింద సొంత గొట్టం దూర్చుకునే ఎగువ రైతుకూ, ప్రమాణం ప్రకారం ఉన్న పోర్టును మూసి తన దారినే తెరిచి ఉంచే కంపెనీకీ పెద్ద తేడా లేదు. నీళ్లందక ఎండేది శివారు చేలే.

కొనేటప్పుడు దీన్ని పసిగట్టడం కష్టమేమీ కాదు. మోడ్‌బస్ సెన్సర్‌తో పాటు ఒక పట్టిక రావాలి. ఏ నంబరు గడిలో డీవో ఉంది, ఏ గడిలో ఉష్ణోగ్రత ఉంది, విలువ ఏ కొలతలో ఉంది, రెండు సగాల్లో ముందు వచ్చేది ఏది అన్న వివరాలు ఒక పేజీలో సరిపోతాయి. ఆ కాగితం ఇమ్మని అడిగితే డీలరు వెంటనే తీసి ఇవ్వవచ్చు, లేదా అది రైతులకు అవసరం లేదండీ, మా యాప్‌లో అన్నీ కనిపిస్తాయి అని అనవచ్చు. ఆ పేజీ చేతిలో ఉంటే, రేపు ఆ కంపెనీ లేకపోయినా ఊళ్లో ప్యానెళ్లు బిగించే ఏ ఎలక్ట్రీషియనైనా అదే సెన్సర్‌ను ఇంకో కంట్రోలర్‌కు తగిలించగలడు.